బీరువాలో సిగ్నల్

రండి, రండి. ఇలా దగ్గరికి జరగండి. ఆ చివర స్తంభానికి ఆనుకున్న పెద్దమనిషీ, మీరు కూడా. ఫోన్లు జేబుల్లో పెట్టండి, ఈ కథ అయ్యాక వాటి మీద మీకే అనుమానం పుడుతుంది, అప్పుడు తీద్దురు గాని. అమ్మా, గుత్తివంకాయ సంగతి తర్వాత చెప్పుకోవచ్చు, వంకాయ ఎక్కడికీ పారిపోదు. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. అయిందా? ఇది అక్షరాలా జరిగింది. అబద్ధమైతే నా పళ్ళు రాలిపోవాలి. ఈ ముందు రెండూ ఇదివరకే రాలాయి, వాటికీ ఈ కథకీ సంబంధం లేదు.

ఏటిగట్టుపాలెంలో పల్లాలు అని సన్నాయి వాయించే ఆయన ఉండేవాడు. ఆయన బుగ్గలు పూరించి ఊదాడంటే లంకల్లో అరటిగెలలు ఒకరోజు ముందే పండేవని జనం చెప్పుకుంటారు. నేను అంత అనను. ఒక పూట ముందు పండేవి, అంతే. భార్య నూకరత్నం. ఆవిడ తమ్ముడు సింహాద్రి, డోలు. పల్లాలు సన్నాయి, సింహాద్రి డోలు కలిస్తేనే మేళం. విడదీస్తే ఒకటి ఏడుపు, ఒకటి తలుపు బాదుడు.

ఆ ఏడాది శ్రావణంలో సింహాద్రి కూతురు పెళ్ళి కుదిరింది.

"బావా, నీ సన్నాయి లేకుండా మా పిల్ల మెళ్ళో తాళి పడనివ్వను," అన్నాడు సింహాద్రి.

"పడితే మాత్రం నేనూరుకుంటానా? ఊపిరాడకపోయినా వచ్చి ఊదుతాను," అన్నాడు పల్లాలు.

నోటి మాటకి కూడా వేళా విశేషం ఉంటుందండి. అది తర్వాత తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రజలు సంతోషంగా లేరన్న సంగతి ప్రభుత్వానికి ఎవరో చెప్పారు. ఎక్కడో ఏదో దేశంలో ఇంటింటా సంగీతం మోగితే జనం సంతోషంగా ఉన్నారట. సంతోషంగా ఉన్న జనం రోడ్ల గురించి అడగరట. ఇంకేముంది? రాత్రికి రాత్రి నాదానంద శాఖ అని ఒకటి పుట్టింది. 'ఇంటింటా నాదం' అని పథకం పెట్టారు. ఇంటికొక స్పీకరు, కొబ్బరికాయంత గుండ్రంగా. దానికి తోడు నాలుగు కొమ్ముల పెట్టె ఒకటి. పెట్టెలోకి తీగ ద్వారా పాటలు వస్తాయి, పెట్టె వాటిని గాల్లోంచి స్పీకరుకి విసురుతుంది, స్పీకరు పాడుతుంది. మధ్యలో తీగ ఉండదు. అదీ గొప్ప.

మా ఊళ్ళో మొదటిది పల్లాలు ఇంట్లో పెట్టాలని తేల్చారు. సంగీతం వాయించే ఇంటికి సంగీతం ఇవ్వడం కన్నా తెలివైన పని ఏముంటుంది?

పెట్టడానికి జిల్లా నాదాధికారి ముక్తేశ్వర్రావు గారు స్వయంగా వచ్చారు. ఆయన మాట్లాడితే ప్రతి మాట చివరా రబ్బరు స్టాంపు పడినట్టుండేది.

"స్పీకరును ముఖద్వారము వద్ద పదిమందికీ కనబడునట్లు నెలకొల్పవలెను. సిగ్నల్ పెట్టె మిక్కిలి విలువైన ప్రభుత్వ సామగ్రి కావున తాళము వేయబడిన ఇనుప బీరువాలో భద్రపరచవలెను," అన్నారు.

నూకరత్నానికి బీరువా ఉంది. ఆకుపచ్చ రంగుది, గున్న ఏనుగంత. పంచాయతీ ఆఫీసు వాళ్ళు పనికిరాదని వేలం వేస్తే ఆవిడే పాడుకుంది. వీపు మీద సర్కారు వాళ్ళ తెల్లరంగు నంబరు ఇంకా చెరగలేదు. వెనక తుప్పుకి నాలుగు చిల్లులు పడ్డాయి తప్ప రాయిలా ఉంది. అందులో చీరలన్నీ బయట పారేసి, పెట్టె లోపల పెట్టి, తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి నాదాధికారి గారు జేబులో వేసుకున్నారు.

స్పీకరు మీట నొక్కారు. "ఆ..." అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. స్పీకరు మళ్ళీ మాట్లాడలేదు. కాఫీలు తాగారు. "...నం..." అంది. పాటన్నమాట. పొద్దున పల్లవి ఎత్తుకుంటే అన్నాల వేళకి అనుపల్లవిలో పడేది. చరణం వినాలంటే చుట్టాలింటికి వెళ్ళి రావొచ్చు. ఎదురింటి సూర్యకాంతం ఒక పాట మొదలయ్యాక పురిటికి వెళ్ళి, బిడ్డనెత్తుకుని వచ్చి, "ఇంకా అదే పాటేనేంటమ్మా?" అంది.

నూకరత్నం రెండోరోజే అడిగేసింది. "అయ్యగారూ, బీరువా తలుపు తీసుంచితే సరిపోద్దేమోనండి?"

మీరంతా ఏమనుకుంటున్నారు? ఆయనకి తెలీదనుకుంటున్నారు కదా? ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అమ్మా, నేను చదువుకున్నవాణ్ణి. ఇనుములోంచి సిగ్నల్ రాదని నాకు తెలీదా? తలుపు తీస్తే పాట వస్తుంది. పెట్టె పోతుంది. పెట్టె పోతే నా జీతంలోంచి కోస్తారు. పాట రాకపోతే ఎవరి జీతంలోంచీ కొయ్యరు."

ఆ వెంటనే గొంతు పెంచారు. "సిగ్నల్ బలహీనతకు గల కారణములు లోతుగా పరిశీలింపబడును!"

పరిశీలింపబడ్డాయి. అవరోధ నివారణ సంఘం అని ఒకటి వేశారు. వాళ్ళు బీరువా దగ్గర్నుంచి స్పీకరు దాకా దారం కట్టి, ఆ దారికి అడ్డమొచ్చినవన్నీ అవరోధాలన్నారు. మొదట ఇత్తడి బిందెలు పోయాయి, సిగ్నల్‌ని తాగేస్తున్నాయని. పందిరి మంచం పోయింది. కుంపటి, తిరగలి, దేవుడి పటాలు వీధరుగు మీదికి వచ్చాయి. పాట మాత్రం రాలేదు. సంఘంలో ఒకాయన పైకి చూసి, కిందికి చూసి, నూకరత్నం వైపు చూశాడు.

"మనిషి ఒంట్లో నీరు ఎక్కువ. నీరు సిగ్నల్‌ని పీల్చుకుంటుంది. కాబట్టి ఇంట్లోని వారు వీలైనంత వరకు దాహముతో ఉండుట శ్రేయస్కరము."

"నువ్వుండు బాబూ దాహంతో," అంది నూకరత్నం. "నిన్నటి నుంచి మా ఇంట్లో మజ్జిగ తాగుతోంది నువ్వే."

తర్వాత సన్నాయి మీద పడ్డారు. ఇంట్లో వాయించే పాట గాల్లో వచ్చే పాటకి ఎదురెళుతోందట. గాలి ఒక్కటే, అందులో రెండు పాటలు పట్టవట. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పల్లాలు ఇంట్లో సన్నాయి ఎత్తరాదు! నాదానంద శాఖ మొట్టమొదట ఆపిన నాదం అది.

పల్లాలు ఏటి గట్టుకు పోయి, పడవ చాటున కూర్చుని సాధకం చేసుకునేవాడు. ముహూర్తం దగ్గర పడుతోంది మరి. అతను తిరిగొచ్చేసరికి ఒకరోజు వంటింటి గోడ లేదు. ఇంకో రోజు పడమటి గోడ లేదు. ఆఖరికి ఇల్లంటే నాలుగు స్తంభాలు, పైన పెంకు, మధ్యలో బీరువా, ముందు స్పీకరు. నూకరత్నం వంట చేస్తుంటే బస్సులో పోయేవాళ్ళు కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి పోయేవారు.

పాట రాలేదు. వచ్చింది మంత్రిగారు.

వస్తున్నారని పొద్దున కబురొచ్చింది. ముక్తేశ్వర్రావు గారి మొహం పిండి జల్లెడలా తెల్లబోయింది. స్పీకరు చుట్టూ తిరిగారు, బతిమాలారు, కొబ్బరికాయ కొట్టారు. అది "...ద..." అని ఊరుకుంది. అప్పుడాయన కంటికి గట్టు మీంచి సన్నాయి చంకన పెట్టుకుని వస్తున్న పల్లాలు దేవుడిలా కనిపించాడు.

"పల్లాలు గారూ! ఒక్క గంట. దాక్కుని వాయించాలి. మంత్రిగారు స్పీకరే పాడుతోందనుకోవాలి."

"ఎక్కడ దాక్కోనండీ బాబూ? గోడలు మీరే పీకించారు గదండీ?"

నిజమే. ఆ ఇంట్లో మనిషి దాక్కోవడానికి మిగిలిన చోటు ఒక్కటే. ఇద్దరూ ఒకేసారి బీరువా వైపు చూశారు.

నాదాధికారి గారు తాళం తీసి తలుపు తెరిచారు. తెరవగానే స్పీకరు ఎత్తుకుందండీ పాట! గంగ దూకినట్టు, ఎక్కడా ఆగకుండా, మృదంగంతో సహా!

"ఎవడ్రా అది? ఆపండి, ఆపండి! మంత్రిగారొచ్చే వేళకి ఈ గోలేమిటి?" అని అరిచి, పల్లాలుని లోపలికి తోసి, తలుపు వేసి, తాళం తిప్పారు. స్పీకరు నోరు మూసుకుంది. "హమ్మయ్య," అన్నారు.

మంత్రిగారు దండలతో సహా దిగారు. నాదాధికారి గారు స్పీకరు ముందు చేతులు కట్టుకుని, స్పీకరుకి కాదు, బీరువాకి వినపడేలా కేక పెట్టారు. "ఓ స్పీకరూ! మంత్రివర్యుల కొరకు ఒక మంగళకరమైన రాగమును వినిపించుము!"

"ఏమయ్యా, దీనికి చెవుడా?" అన్నారు మంత్రిగారు.

"సర్కారు రకమండి. గట్టిగా అడగాలి."

తుప్పు చిల్లుల్లోంచి వచ్చింది సన్నాయి. పల్లాలు ఇంట్లో సన్నాయి ఊది ఎన్నాళ్ళైందో! కసిదీరా వాయించాడు. మంత్రిగారి దండలో ముడుచుకున్న బంతిపూలు విచ్చుకున్నాయి. ఒట్టు. "కాస్త తగ్గించవయ్యా," అన్నారాయన. నాదాధికారి గారు స్పీకరు మీట తిప్పినట్టు నటించి, "సౌండు తగ్గించబడినది!" అని అరిచారు. తగ్గింది. అంతా బాగుంది కానీ, బీరువాలో నూకరత్నం చీరల కోసం వేసిన కలరా ఉండలున్నాయి. పల్లాలు ముక్కులోకి ఘాటు ఎక్కింది. రాగం పైస్థాయికి పోయి, ఒక్కసారి ఆగి, "హాచ్!" అంది.

"అదేంటి?" అన్నారు మంత్రిగారు.

"బఫరింగ్ అండి."

"ఎంత సహజంగా ఉందయ్యా! వాయించేవాడు ఈ ఇంట్లోనే ఉన్నట్టుంది. ఇలాంటి సిగ్నల్ నేను విదేశాల్లో కూడా వినలేదు. ఈ సిగ్నల్‌ని ఎవరూ ముట్టుకోకూడదు, కదపకూడదు. కంటికి రెప్పలా కాపాడండి!"

అని కారెక్కి వెళ్ళిపోయారు. దుమ్ము సర్దుకున్నాక నూకరత్నం వచ్చి, "ఇంక తియ్యండి బాబూ తలుపు, ఆయనకి ఆకలేస్తది," అంది.

ముక్తేశ్వర్రావు గారు జేబు మీద చెయ్యి వేసుకున్నారు. "ఎలా తీస్తానమ్మా? ముట్టుకోకూడదని మంత్రిగారి ఉత్తర్వు. నువ్వూ విన్నావు."

"అది సిగ్నల్ గురించి గదండీ!"

"సిగ్నల్ ఎక్కడుంది మరి?"

బీరువాలోంచి వినపడింది. "అయ్యా, నేను మనిషినండీ! పల్లాల్నండీ!"

"అది నీ అభిప్రాయం," అన్నారు నాదాధికారి గారు. "ప్రభుత్వ బీరువాలో ఉన్నది ప్రభుత్వ సామగ్రి."

"బీరువా నాదండీ!" అంది నూకరత్నం.

"వీపు మీద సర్కారు నంబరుంది కదమ్మా. చూసుకో."

మర్నాడు రంగులాయన వచ్చాడు. కుర్చీలకీ బల్లలకీ నంబర్లు వేసే మనిషి. తలుపు తీయించి, పల్లాలు చొక్కా విప్పించి, వీపు మీద తెల్లరంగుతో 'నా.శా. సిగ్నల్ - ఒకటి' అని రాశాడు. చక్కిలిగిలికి పల్లాలు మెలికలు తిరిగితే, "కదలకు బాబూ, టేబుళ్ళు ఇలా కదలవు," అని విసుక్కున్నాడు. సన్నాయి మీద కూడా చిన్న నంబరు వేశాడు. అది విడిభాగమట.

మధ్యాహ్నం అన్నానికి మాత్రం తలుపు తీసేవారు, నిర్వహణ పనుల నిమిత్తం. తీసినప్పుడల్లా స్పీకరు గొంతెత్తి పాడేది. "మధ్యలో దీని రొద ఒకటి!" అని నాదాధికారి గారు దాని కరెంటు వైరు పీకేయించారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో సిగ్నల్ వ్యవస్థ నిరాటంకంగా పనిచేసింది. పక్క జిల్లాల నుంచి అధికారులు నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ళూ బీరువాలు కొన్నారట. సన్నాయి వాళ్ళెవరూ వాళ్ళ చేతికి చిక్కలేదట, పొలాలకడ్డం పడి పారిపోయారు.

సింహాద్రి వచ్చి బీరువాకి నోరానించాడు. "బావా, ముహూర్తం వచ్చేత్తంది. పిల్ల అన్నం తినట్లేదు. 'మావయ్య లేకుండా పీటల మీద కూర్చోను' అంటంది."

"నేనేం చెయ్యన్రా? ఊపిరాడకపోయినా వస్తానన్నాను గానీ, తాళం వేస్తారనుకోలేదు," అంది బీరువా.

"డోలు వారు కాస్త దూరంగా!" అన్నారు నాదాధికారి గారు. "మీరు అవరోధము."

నూకరత్నం ఆ రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని ఆలోచించింది. ఆవిడ ఏడ్చే మనిషి కాదు. మర్నాడు నాదాధికారి గారికి పెసరట్టు పెట్టి, ఏమీ ఎరగనట్టు అడిగింది. "బాబూ, సర్కారు సామాను పాడైతే ఏం చేత్తారండి?"

"నిర్లక్ష్యం వల్ల పాడైతే అధికారి జీతంలోంచి కోస్తారు. వయస్సు రీత్యా పాడైతే నిరుపయోగమని ప్రకటించి వేలం వేస్తారు. అప్పుడెవరిదీ తప్పు కాదు."

ఆవిడ గబగబా అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి, తలుపు తీసినప్పుడు మొగుడి చెవిలో చెప్పింది. "ఏవయ్యో, తప్పు వాయించు."

పల్లాలు చేతిలో ముద్ద జారిపోయింది. "ఏటన్నావు? తప్పా? మా నాన్న నన్ను అపస్వరానికి కొట్టిన దెబ్బలు ఇంకా వీపు మీదున్నాయే!"

"వీపు మీద ఇప్పుడు సర్కారు నంబరుంది. పిల్ల పెళ్ళి చూస్తావా, బీరువాలో బూజు పడతావా?"

వాయించాడండీ. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తప్పు వాయించాడు. శ్రుతి ఒక వీధిలో, రాగం ఇంకో వీధిలో. తాళం పొరుగూరు. గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. కాకులు ఊరొదిలి పోయాయి. పల్లాలు తండ్రి పటం తనంతట తాను గోడ వైపుకి తిరిగేదే, గోడ లేదు గనక ఆగింది.

నాదాధికారి గారు కళ్ళు మూసుకుని తలూపారు. "అద్భుతం. ఏదో కొత్త ప్రయోగంలా ఉంది."

తప్పు వాయిస్తే కనుక్కోవడానికి అక్కడ ఒప్పు తెలిసినవాళ్ళు ఉండాలి కదండీ. ఆ సంగతి మొగుడూ పెళ్ళాలకి తట్టలేదు. అలా కొన్ని రోజులు అపస్వరాలు వాయించి, మెప్పులు పొంది, సిగ్గుతో చచ్చిపోయి, చివరికి పల్లాలు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు.

అప్పుడు పుట్టింది కంగారు. "సిగ్నల్ పడిపోయింది!"

నిపుణులు వచ్చారు. "ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడండి," అన్నారు. అంటే పల్లాలుని బలవంతాన నిద్రపుచ్చి, మొహాన నీళ్ళు కొట్టి లేపారు. మాట్లాడలేదు. తలకిందులు చేసి దులిపారు. పంచె మడతలోంచి పొగాకు రాలింది. "దిశ మార్చండి," అన్నారు. తూర్పుకి తిప్పారు. ఉత్తరానికి తిప్పారు. ఒకాయన పెన్సిలు పెట్టి నుదుటి మీద కొట్టి చెవి ఆనించి, "లోపల ఏమీ లేదు," అని తేల్చాడు.

ముక్తేశ్వర్రావు గారికి చెమటలు పట్టాయి. చేతులు జీతం జేబు మీదికి పోయాయి.

"బాబూ," అంది నూకరత్నం మెల్లిగా, "ఆయన జుట్టు చూడండి. మీరేం చేత్తారు పాపం? సామాను పాతబడిపోయింది."

ఆయన మొహంలో లాంతరు వెలిగింది. "వయస్సు రీత్యా!"

నిరుపయోగ నిర్ధారణ సంఘం కూర్చుంది. తెల్ల వెంట్రుకలను తుప్పుగా గుర్తించారు. మోకాలి నొప్పిని కీళ్ళ అరుగుదల అన్నారు. సిగ్నల్ - ఒకటి నిరుపయోగమని ప్రకటించి, వేలానికి పెట్టారు. ఎప్పుడు? సరిగ్గా పెళ్ళి రోజు పొద్దున. ఎక్కడ? పంచాయతీ ఆఫీసు ఆవరణలో. విరిగిన కుర్చీలు, రెక్కలు లేని ఫ్యాన్లు, వాటి మధ్యన స్టూలు మీద పల్లాలు, ఒళ్ళో సన్నాయి, మెడలో చీటీ. రెండు వీధుల అవతల పెళ్ళి పందిరి. అక్కణ్ణుంచి సింహాద్రి డోలు వినపడుతోంది, ఒంటరిగా, తలుపు బాదినట్టు.

"ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా! అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు! ఫిర్యాదులు వినబడవు!" అని నాదాధికారి గారు చదివారు.

నూకరత్నం వేలంపాట మొదలెట్టింది. ఇంకెవరు పోటీకి వస్తారనుకుంది. పాత ఇనుము కొనే కన్నబాబు వచ్చాడు.

"నీకెందుకురా ఆయన?" అంది నూకరత్నం.

"సన్నాయి చివర గరాటాలా ఇత్తడి అనసు ఉందక్కా. మనిషిని కొసరుగా పట్టుకెళ్తాను."

ఆవిడ పెంచింది. వాడు పెంచాడు. పందిట్లో డోలు వేగం పెరిగింది. పిల్లని పీటల మీదికి తెస్తున్నారన్నమాట. పల్లాలు వేళ్ళు సన్నాయి రంధ్రాల మీద తమంతట తామే పరిగెడుతున్నాయి. బుగ్గలు ఉబ్బుతున్నాయి. నూకరత్నం కళ్ళెర్రజేసింది. ఇప్పుడు ఊదాడా, పనిచేస్తోందని తెలిసిపోతుంది. మళ్ళీ బీరువాయే! పాపం ఆయన గాలిని మింగి, పొట్టలో దాచుకుని, కప్పలా కూర్చున్నాడు.

కన్నబాబు పల్లాలుని చంకల కింద పట్టి ఎత్తి బరువు చూశాడు. "ఈయన కొసరే అయినా నా బండి మోయలేదక్కా," అని వెనక్కి తగ్గాడు.

"ఒకటోసారి!" అన్నారు నాదాధికారి గారు. డోలు గట్టిమేళానికి సిద్ధమైంది. "రెండోసారి!" పల్లాలు మొహం వంకాయ రంగుకి తిరిగింది. "మూ... డో... సారి!" సుత్తి పడింది.

పల్లాలు సన్నాయి నోట పెట్టి ఊదాడండీ!

బీరువాలో బిగబట్టిన ఊపిరి, తప్పు వాయించిన పాపం, పిల్ల మీద ప్రేమ, అంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. రెక్కలు లేని ఫ్యాన్లు తిరిగాయి. విరిగిన కుర్చీలు లేచి నిలబడ్డాయి. పందిట్లోంచి సింహాద్రి డోలు "వచ్చావా బావా!" అన్నట్టు దుమికింది. రెండు వీధుల దూరం, మధ్యలో పదిహేను గోడలు, ఇళ్ళు, జనం, నీళ్ళ ట్యాంకు. ఎక్కడా ఆగలేదు పాట. అక్కడ అక్షింతలు పడ్డాయి, తాళి పడింది.

"ఆగండి, ఆగండి! పనిచేస్తోంది! వేలం రద్దు!" అని నాదాధికారి గారు పరిగెత్తుకొచ్చారు.

"అమ్మిన సరుకు తిరిగి తీసుకోరని తమరే చదివారు గదండీ బాబూ," అంది నూకరత్నం. కొంగు నడుముకి దోపి, కొన్న సరుకుని చెయ్యి పట్టుకుని, ఊదుతున్నవాణ్ణి ఊదుతున్నట్టే పందిరి వైపు లాక్కుపోయింది. వెనక వీపు మీద తెల్లరంగు నంబరు ఎండకి మెరుస్తోంది.

వేలం చూడ్డానికొచ్చిన ఒక ముసలాయన అదంతా నోరు తెరుచుకుని చూశాడు. చంకలో గొడుగు పెట్టుకుని, ఆవిడ వెనకాలే కొంత దూరం పరిగెత్తి, వగరుస్తూ కేకేశాడు:

"అమ్మాయ్, ఆగవే! ఇప్పుడే ఛార్జరు కూడా అడిగి పుచ్చుకో. రేపొచ్చి అడిగితే ఈళ్ళు ఇవ్వరు!"